మే నెల ఫొటో

ఇంటి నుంచి,
గురువారం మధ్యాహ్నం.

అమ్మకు, త్రివేణి దండం పెట్టి రాస్తున్నది.

ఇక్కడ నాయిన, నేను బాగానే ఉన్నాం. బర్రె కూడా బాగుంది. నువ్వు అక్కడ బాగున్నావని ములాఖత్‌కు వచ్చి చూసిన సత్తెమ్మ చెప్పింది. చిక్కిపోయావని కూడా తనే చెప్పింది, కాబట్టి మొదటి మాటను సగమే నమ్ముతున్నాను. ఈ ఉత్తరం నీ చేతికి అందేలోపు జైలు ఆఫీసులో ఎవరో ఒకరు విప్పి చదువుతారని మన వకీలు దీప్తి మేడం హెచ్చరించింది. చదవనీ. ఇందులో నేను దాచిన మాట ఒకటుంది. దాన్ని నీ దగ్గర దాచాను, వాళ్ల దగ్గర దాచాల్సిన అవసరం నాకు లేదు.

ముందు నువ్వు అడిగినవాటికి జవాబులు. నాయిన బీపీ గోలీలు రోజూ వేసుకుంటున్నాడు, నేను ఎదురుగా నిలబడి మింగిస్తున్నాను. బర్రె పోయిన ఆదివారం ఈనింది, పెయ్యదూడ. నుదుటి మీద అరచేయంత తెల్లమచ్చ. జున్ను నీకు తెద్దామంటే గేటు దగ్గర తీసుకోరట, రాజవ్వ వాళ్లకూ సత్తెమ్మ వాళ్లకూ పంచాను. చెరువు కింది గడ్డి బర్రెకు వేయొద్దని రాశావు. వేయడం లేదు, ఎండుగడ్డి కొంటున్నాం. నీ పక్కనుండే ముత్యమ్మ తన పేరు రాయడం నేర్చుకుందని రాశావే, అది చదివి నాకు చాలా సంతోషమైంది. ఆరో తరగతితో బడి మానేసిన నువ్వు అక్కడ పంతులమ్మవి అయ్యావన్నమాట.

చంద్రకాంత్ మళ్లీ వచ్చాడా అని అడిగావు. వచ్చాడు. కంపెనీ తరఫున ఊళ్లో మాట్లాడే మనిషి అతనే కదా. అదే ఇస్త్రీ చొక్కా, చేతిలో అవే రెండు ఫోన్లు. ఈసారి ఆపిల్ పండ్లు తెచ్చాడు. అరుగు మీద కూర్చుని, "లింగమన్నా, తొందరపడి చేసిన అని వదినె ఒక్క కాగితం మీద సంతకం పెడితే సాలు, కేసు ఎట్ల నడవాల్నో మేం చూసుకుంటం. ఆడమనిషి జైల్ల ఉంటే నీకు మాత్రం మంచిగుంటదా?" అన్నాడు.

నాయిన అతనికి ఎదురు చెప్పలేదు. "ఆమెను అడిగి చెప్త" అన్నాడు, అంతే. నీకు కోపం వస్తుందని తెలుసు, కానీ ఉన్నది ఉన్నట్టే రాస్తున్నాను. నువ్వు వెళ్లి నలభై రోజులు దాటింది. మొదటి బెయిలు కొట్టేసినప్పటి నుంచి ఆయన మూడు ముద్దలకే కంచం ముందు నుంచి లేస్తున్నాడు. చంద్రకాంత్ వెళ్లాక నన్ను పిలిచి, "పెడితే ఏమైతది బిడ్డా? ఇంటికొస్తది గదా" అన్నాడు. నేను నీ ఉత్తరం తెచ్చి చదివాను. 'తొందరపడి చెయ్యలె. నిదానంగ చెప్పిన, ఇనకపోతే కోసిన. గట్ల రాసి తెమ్మను, సంతకం పెడ్త' అని నువ్వు రాసిన చోట ఆయన నవ్వాడు. చాలా రోజుల తర్వాత నవ్వాడు. లేచి వెళ్లి ఆ పండ్లు బర్రె ముందు పోశాడు.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. దీప్తి మేడం కోర్టు కాగితాలు నా ముందు పెట్టి, "ఆ దినం ఏమైందో మీ అమ్మ చెప్పినట్టే రాసియ్యి" అంది. కంపెనీ రాసిందీ, నువ్వు చెప్పిందీ పక్కపక్కన పెట్టి చదివాను. వాళ్ల కాగితంలో, ఒక మహిళ మారణాయుధంతో కంపెనీ బీడు భూమిలోకి చొరబడి టాంకరు డ్రైవరు మీద దాడి చేసి చేయి విరగ్గొట్టింది. నువ్వు చెప్పినదాంట్లో, తెల్లారగట్ల చెరువులోకి నీళ్లొచ్చే కాలువ దగ్గర మోకాళ్ల లోతులో నిలబడి గడ్డి కోస్తున్నావు. కంపెనీ వ్యర్థాలు మోసే టాంకరు వచ్చింది, గొట్టం కాలువలోకి దించారు. "ఏం పోస్తున్నవ్? బంద్ చెయ్యి" అని రెండుసార్లు చెప్పావు. డ్రైవరు పిల్లాడు బీహారీ, "అమ్మా, మై క్యా కరూ" అన్నాడు, నేనేం చేయనని. నువ్వు కొడవలితో గొట్టం కోశావు. అతను దాన్ని పట్టుకోబోయి జారి పడ్డాడు, మణికట్టు విరిగింది. నీ కొంగు చింపి ఆ చేతికి కట్టి, రోడ్డు దాకా నడిపించి ఆటో ఎక్కించింది కూడా నువ్వే. ఆ ముక్క వాళ్ల కాగితంలో లేదు.

నీళ్లలో నిలబడ్డ మనిషి బీడులోకి ఎలా చొరబడుతుందని ఎవరైనా అడగాలి కదా. అడగకుండా ఆ కాగితాలకు ఒక పటం జోడించారు. ఫ్యాక్టరీ పెంచడానికి అనుమతి కావాలని కంపెనీ ఇచ్చిన రిపోర్టులోది అది. అందులో మన గంగిచెరువు లేదు. చెరువు ఉండాల్సిన చోట లేత పసుపు రంగు, దాని మీద 'పొదలతో కూడిన బీడు' అని ఉంది. నీ బెయిలు కొట్టేసిన రోజు జడ్జి ముందు పెట్టింది ఆ పటమే. నువ్వు ఉత్తరంలో పెన్సిలు గట్టిగా ఒత్తి రాశావు: 'గా పటం గీసినోడు ఎవడో కనుక్కో బిడ్డా. బయటికొచ్చినంక నేను వాన్ని ఒక్కమాట అడగాలె.'

కనుక్కున్నాను. దానికంటే ముందు నేను చూసిన ఫొటోల గురించి చెప్పనీ.

ఆకాశంలో తిరిగే ఉపగ్రహాలు ఇప్పుడు ఐదారు రోజులకోసారి మన నేలను ఫొటో తీస్తాయి. నేను పుట్టకముందువి కూడా భద్రంగా ఉన్నాయి, ఎవరైనా చూడొచ్చు. మా ఆఫీసులో వాడే పద్ధతిలో పైరూ చెట్లూ ఎర్రగా పడతాయి, నీళ్లు నల్లగా పడతాయి. నీ పెళ్లయిన ఏడాది, 1995 అక్టోబరు ఫొటో ముందు తెరిచాను. గంగిచెరువు పెద్ద చింతగింజలా నల్లగా, నిండుగా ఉంది. కట్ట కింద మూడు పాయలుగా వరిపొలాలు, ఎర్రగా, కారం ఆరబోసినట్టు. అందులో మన మడి ఏదో నేను వేలు పెట్టి చూపించగలను. అప్పుడు అక్కడ నాట్లు వేసినవాళ్లలో నువ్వూ ఉండి ఉంటావు.

ఏడాదికొకటి చొప్పున ముందుకు జరిపాను. 2004లో చెరువుకు పడమర ఒక తెల్లటి చుక్క వచ్చింది, అది కంపెనీ మొదటి షెడ్డు. ఆ చుక్క పక్కన ఇంకొన్ని చుక్కలు లేచాయి. ఔటర్ రింగు రోడ్డు బూడిదరంగు గీతలా దిగింది. కొల్లూరులో ఇళ్లు అగ్గిపెట్టెలు పేర్చినట్టు వరుసలు కట్టాయి. సుల్తాన్‌పూర్ వైపు రాళ్లనేల చదునై పొడుగాటి రేకుల కప్పులు పరుచుకున్నాయి. మన కట్ట కింది ఎరుపు ఒక్కో పాయా ఆరిపోయింది. మూడో పాయ ఆరిన ఏడాది నాయిన పటాన్‌చెరులో గేటు వాచ్‌మన్‌గా చేరాడు. అంత ఎత్తు నుంచి తీసిన ఫొటోలో మన ఇంటి కథ అంత స్పష్టంగా కనిపిస్తుందని నేను అనుకోలేదు.

కానీ ఒకటి విను. వానాకాలం దాటాక తీసిన ఏ ఏడాది ఫొటోలో చూసినా చెరువు ఉంది. చిక్కిపోయింది, అంచు కొరికేసినట్టుంది, అయినా ఉంది. 2020 అక్టోబరు వానలకు అలుగు దుంకిన నాడు నన్ను కట్ట మీదికి లాక్కెళ్లి వీడియో తీయమన్నావు, ఆ నెల ఫొటోలో అది 1995లో ఉన్నంత ఉంది. మే నెల ఫొటోల్లో మాత్రం నల్లరంగు దొరకదు. మిగిలిన కాస్త నీటినీ గుర్రపుడెక్క కప్పేస్తుంది. పైనుంచి చూస్తే అది పొదలు మొలిచిన బీడులాగే ఉంటుంది.

ఆ పటం గీసింది మే నెల ఫొటో మీద. గీసింది ఎవడో కాదమ్మా. నేను.

రెండేళ్ల కింద, మాదాపూర్ ఆఫీసులో చేరిన మూడో నెల. ఫ్యాక్టరీ పెంచాలనుకునేవాళ్లు చుట్టూ పది కిలోమీటర్ల నేల ఎలా ఉందో పటం ఇవ్వాలి. ఏది పొలం, ఏది నీరు, ఏది బీడు అని రంగులు నింపడమే నా పని. ఆ రోజు తెర మీద తెరుచుకున్నది మన ఊరు. మా పై అధికారి బద్రీనాథ్ వెనక నిలబడి, "మే నెల సీన్ ఒక్కటే వాడు. క్లయింట్‌కు డ్రై సీజన్ చాలు" అన్నాడు.

"సార్, అది చెరువు సార్. మా ఊరే" అన్నాను.

"నీకు ఊరు కనబడుతున్నది. నాకు ఫొటో కనబడుతున్నది. ఫొటోల నీళ్లున్నయా?"

"లేవు సార్."

"మరి ఇంకేంది?"

నేను గంగిచెరువు అంచు చుట్టూ గీత గీసి లోపల పసుపు నింపాను. పట్టుమని ఐదు నిమిషాలు పట్టలేదు. ఫొటోలో లేని నీళ్లు నేనెలా రాస్తానని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. పన్నెండు నెలల్లో ఆ ఒక్క నెలనే ఎందుకు ఏరుకున్నారో నాకు తెలుసు. ఉద్యోగం పోతుందని భయపడ్డానని రాస్తే నువ్వు జాలిపడతావు. నిజం అది కూడా కాదు. ఆ సారు నన్ను చురుకైన పిల్ల అనుకోవాలని ఉండింది, అంతే. అన్నాడు కూడా. ఆ సాయంత్రం స్కూటీ మీద ఇంటికి వస్తుంటే కట్ట మీద గడ్డిమోపుతో నువ్వు ఎదురయ్యావు. మోపు వెనక కట్టుకుని, నిన్ను ఎక్కించుకుని ఇంటికి తెచ్చాను. దారి పొడుగునా నువ్వు ఏదో చెబుతూనే ఉన్నావు, నేను ఊ కొడుతూనే ఉన్నాను.

నువ్వు లోపలికి వెళ్లిన పన్నెండో రోజు దీప్తి మేడం ఆ పటం చూపించింది. కింద మూలన, తయారుచేసినవారు అనే గడిలో నా పేరు తొలి అక్షరాలున్నాయి. ములాఖత్‌లో అద్దం అవతల నువ్వు ఫోన్ పట్టుకుని "ఏందే, మొఖం గట్ల పెట్టినవ్?" అని అడిగినప్పుడు తలనొప్పి అన్నాను. తర్వాత రెండు వారాలు రాలేదు. పని ఉందని సత్తెమ్మతో చెప్పించాను. పని లేదు. నీ కళ్లల్లోకి చూసే మొహం లేకపోయింది.

క్షమించమని ఈ ఉత్తరంలో అడగను. నువ్వు అడుగుతానన్న ఆ ఒక్కమాట నన్ను అడుగు, ఊరందరి ముందు అడుగు. తలవంచుకుని కాదు, నిలబడి జవాబు చెబుతాను. ఎందుకంటే పోయిన శుక్రవారం నేను చేసింది కూడా నీకు చెప్పాలి.

శుక్రవారం కంపెనీ విస్తరణ మీద ప్రజాభిప్రాయ సేకరణ జరిగింది. దానికి మూడు రోజుల ముందు సెలవు పెట్టి, ఇరవై ఆరు ఏళ్ల అక్టోబరు ఫొటోలు ఒక్క చోట చేర్చి పటాన్‌చెరులో ఫ్లెక్సీ కొట్టించాను. ఆ షాపాయన వాటిని కిందికీ మీదికీ చూసి, "ఏం ఫంక్షన్ మేడం? పేర్లు ఎక్కడ రావాలె?" అని అడిగాడు. ప్రతి ఫొటో కింద ఏడాది వేస్తే చాలన్నాను.

ఇంటికి తెచ్చి నాయిన ముందు పరిచాను. నీకు ఇప్పుడు రాసిందంతా ఆయనకు అప్పుడే చెప్పాను. ఆయన వంగి, 1995 ఫొటోలో మన మడి మీద వేలు పెట్టి, "ఇదేనా?" అన్నాడు. అవునన్నాను. "శుక్రవారం నేను గూడ వస్త. ఇది ఒక్కదానివి మొయ్యలేవు" అన్నాడు.

కంపెనీ గోడ పక్కనే షామియానా వేశారు. వేదిక మీద జిల్లా అధికారి, పక్కన ఇద్దరు. తెర మీద నా పటమే, పసుపు రంగుతో. చంద్రకాంత్ తెచ్చిన మనుషులు ముందు వరుసల్లో కూర్చుని, ఉద్యోగాలొస్తాయి, రోడ్డొస్తుంది అని మైకులో చదివి దిగుతున్నారు. అప్పుడు సత్తెమ్మ లేచింది. మైకు అందుకోకుండానే మాట్లాడింది.

"సారూ, గీడ చెరువే లేదని చూపిస్తున్నరు. మరి మా పుష్పమ్మ దేంట్ల నిలబడి గొట్టం కోసింది? ఆమె కాళ్లకు పుండ్లు దేంతోటి అయినయి? బీడుల నిలబడితే పుండ్లైతయా?"

జనం గొల్లున నవ్వారు. అధికారి కూర్చోమన్నాడు. సత్తెమ్మ కూర్చోలేదు, వెనక్కి తిరిగి నన్ను పిలిచింది. నేను వేదిక దాకా నడిచాను. చంద్రకాంత్ అడ్డం వచ్చి, గొంతు తగ్గించి, "అమ్మాయీ, నువ్వు ఏ ఆఫీసుల పనిచేస్తున్నవో మాకు తెలుసు. మాట్లాడితే నీ నౌకరీ ఉండదు. కేసు గూడ అయితది. ఇంట్ల ఒక్కరు లోపల ఉన్నది సాలదా?" అన్నాడు.

వెనక్కి వెళ్లిపోదామనిపించిందమ్మా. నీకు అబద్ధం ఎందుకు రాస్తాను. కానీ మైకు ఆన్‌లో ఉంది, అతని మాటలు సగం అందరికీ వినిపించాయి. నేను, "చంద్రకాంత్ గారూ, ఆ మాట జెర గట్టిగ అనండి, రికార్డు అవుతున్నది" అన్నాను. అతను పక్కకు జరిగాడు.

"నా పేరు త్రివేణి. లింగం, పుష్పమ్మల బిడ్డను. తెర మీది పటం గీసింది నేనే. అది తప్పు పటం. మే నెల ఫొటో ఒక్కటే వాడి గీసిన. చెరువుందని తెలిసి గీసిన" అని చెప్పాను. రాజవ్వ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. నాయిన, సత్తెమ్మ ఫ్లెక్సీ చెరో కొనా పట్టుకుని విప్పారు. నేను ఏడాది తర్వాత ఏడాది చూపిస్తూ పోయాను. అధికారి వేదిక దిగి వచ్చి కళ్లద్దాలు పెట్టుకుని చూశాడు. "ఈ మాట రాతపూర్వకంగా ఇస్తారా?" అన్నాడు. ముందే రాసి తెచ్చిన కాగితం ఇచ్చి, ముట్టినట్టు సంతకం అడిగాను. పెన్ను తీసి సంతకం పెట్టాడు.

సభ ముగియకుండానే ఆపారు. కొత్తగా సర్వే చేశాకే మళ్లీ పెడతామని ప్రకటించారు. సాయంత్రానికి ఆఫీసు నుంచి మెయిల్ వచ్చింది, ఇక రావద్దని. మూడు రోజులకు నోటీసు వచ్చింది, కంపెనీ రహస్యాలు బయటపెట్టానట. మన చెరువు వాళ్ల రహస్యం ఎలా అయిందో వాళ్లనే అడగమని జవాబు రాసిపెట్టాను, దీప్తి మేడం కొంచెం మర్యాద కలిపి పంపింది. బద్రీనాథ్ ఫోన్ చేసి, "కెరీర్ పాడు చేసుకున్నవ్" అన్నాడు. అవున్సార్ అన్నాను. సోమవారం నీ బెయిలు మళ్లీ వేస్తున్నారు. ఆ చోటు బీడు కాదని తేలితే చొరబాటు అన్న మాట నిలవదని మేడం ఆశ. ఇస్తారని ఖాయంగా చెప్పలేదు, నేనూ రాయను.

నిన్న సర్వే వాళ్లు వచ్చారు. చెరువు నిండితే నీళ్లు ఎక్కడిదాకా వస్తాయో తేల్చాలంటే, నిండిన నీళ్లు పొర్లిపోయే అలుగురాయి ఎత్తు కావాలి. అది గుర్రపుడెక్క కింద ఎక్కడుందో ఎవరికీ తెలియలేదు. సర్వేయరు కట్ట మీదే అటూ ఇటూ తిరుగుతున్నాడు. నాయిన చొక్కా విప్పి నా చేతికిచ్చాడు. నేను వద్దనేలోపే దిగాడు.

చంద్రకాంత్ అక్కడే ఉన్నాడు. "లింగమన్నా, గా నీళ్లల్ల దిగకు, ఒళ్లంత పాడైతది!" అని అరిచాడు.

సత్తెమ్మ వెంటనే అందుకుంది. "నీళ్లా? నిన్నటిదాక బీడంటివి గదా సారూ!"

సర్వేయరు కూడా నవ్వు ఆపుకోలేకపోయాడు. నాయిన మాత్రం నవ్వలేదు. నడుముల దాకా ఆ నల్లనీళ్లలో, డెక్కను రెండు చేతులతో చీల్చుకుంటూ, కాళ్లతో తడుముకుంటూ పోయాడు. ఒకచోట ఆగి, పైకి ఎక్కినట్టు లేచాడు. నీళ్లు పాదాల కిందికి దిగాయి. రాయి మీద నిలబడ్డాడు. కొలకర్ర అందించారు, పట్టుకున్నాడు. యంత్రం సరిచేయడానికి అరగంట పట్టింది. ఎండ మాడుతోంది. వాసనకు మేము కట్ట మీదే ముక్కు మూసుకున్నాం. "పెద్దాయినా, జెర సేపు బయటికి రా, మళ్ల దిగుదువు" అని సర్వేయరే అన్నాడు.

"మీరు రాసుకునేదాక రాను" అన్నాడు నాయిన.

రాసుకున్నారమ్మా. చెరువు అని రాసుకున్నారు. ఆయన బయటికి వచ్చాక సాక్షిగా సంతకం పెట్టమని కాగితం ఇచ్చారు. కాళ్ల నుంచి నీళ్లు కారుతుండగా కట్ట మీద కూర్చుని, అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ రాశాడు. సర్వేయరు వంగి చూసి, "తండ్రి పేరు రాయాలె పెద్దాయినా, ఇదేంది?" అన్నాడు.

"నేను గిట్లనే రాస్త" అన్నాడు నాయిన.

ఆ కాగితం మీద ఇలా ఉంది: లింగం, పుష్పమ్మ పెనిమిటి.

ఇట్లు,
నీ బిడ్డ
త్రివేణి